కాగితమంత ఎడం

కళ్ళకు ఆపరేషన్ అయిన ఇరవై మూడో రోజున మామగారు మొట్టమొదట చేపట్టిన పని కోడలి ఫ్లూటు. అంత పని చెయ్యమని ఆయన్ని ఎవరూ అడగలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

అడిగింది నూనె వెయ్యమని మాత్రమే. సోమవారం పొద్దున కోడలు ఫ్లూటు పెట్టె తెచ్చి ఆయన బల్ల మీద పెట్టి, "కాస్త నూనె వేసిపెట్టండి మామయ్యా, శుక్రవారం కచేరీ" అంది. మీటల ఇరుసుల దగ్గర తలా ఒక చుక్క, మెత్తటి గుడ్డతో ఒక తుడుపు, పావుగంట పని. ఆ పావుగంట పనికి మామగారు మధ్యాహ్నం భోజనానికి పిలిచినా లేవలేదు. "మీరు కానివ్వండి, వస్తున్నా" అన్నారు, రాలేదు. సాయంత్రం టీ కూడా అక్కడికే తెప్పించుకున్నారు. ఇంటి ముందు గదే ఆయన పనిచేసే చోటు. ఊదే వాయిద్యం ఏదైనా సరే, బడిపిల్లల బ్యాండు బాకాల నుంచి పెద్ద పెద్ద బృందాల క్లారినెట్ల దాకా, నలభై ఏళ్ళు ఆ గదికే నడిచొచ్చాయి. కళ్ళు మసకబారాక రెండేళ్ళ పాటు బల్ల మీద దుప్పటి కప్పి ఉంచారు. ఆ రోజు దుప్పటి తీసి, నాలుగు మడతలు పెట్టి, దాని మీదే కూర్చున్నారు.

చీకటి పడబోయే వేళకి పిలుపు వచ్చింది. "అమ్మాయ్, ఇలా వచ్చి ఊదు."

ఫ్లూటు అద్దంలా మెరుస్తోంది. మామగారి మొహం అంతకంటే మెరుస్తోంది.

"మెత్తలన్నీ మార్చేశాను. ఒక్కటీ పాతది లేదు" అన్నారు. ఫ్లూటు మీద రంధ్రాన్ని మూసే ప్రతి మీట కిందా ఉన్నితో చేసిన గుండ్రటి మెత్త ఒకటి ఉంటుంది. అది సరిగ్గా కూర్చుంటేనే గాలి బయటికి పోదు. "కుడి చేతి ఉంగరపు వేలి మీట కింద మెత్త ఎలా ఉందో తెలుసా నీకు? ఓ పక్క చిట్లిపోయింది. అంత గాలి కారుతుంటే రెండేళ్ళుగా ఎలా నెట్టుకొచ్చావు తల్లీ? నోరు తెరిచి ఒక్క మాట చెప్పొద్దూ?"

కోడలి చెయ్యి ఆ మీట మీదికి పోయింది. నోరు తెరిచి చెప్పవలసిన మాట ఉన్నమాట నిజం. అది మెత్త మార్చమని కాదు, దాని జోలికి వెళ్ళొద్దని. ఆ మాట చెప్తే ఈయన ఎక్కడ నవ్వుతారోనని ఊరుకుంది.

ఫ్లూటు పెదవికి ఆనించి, వేళ్ళు పెట్టి, ఊదింది. గుండ్రంగా, నిండుగా, కడిగిన ముత్యంలాంటి స్వరం ఒకటి వచ్చింది. ఒక్కటే. రెండోది రాలేదు. మళ్ళీ ఊదింది. మళ్ళీ ఒక్కటే.

"ఎలా ఉంది?" అన్నారు మామగారు, ముందుకు వంగి.

"బ్రహ్మాండంగా ఉంది మామయ్యా" అంది కోడలు. అని, పెట్టె మూసి, వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చింది.

ఆ రెండో స్వరం సంగతి ఇక్కడే చెప్పేయాలి, లేకపోతే ఒక మెత్త కోసం ఈ ఏడుపేమిటని మీకూ అనిపిస్తుంది. కోడలు వాయించేది ఈ కాలపు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం. అంటే బతికున్నవాళ్ళు రాసేది, ఇంకా ఎవరూ విననిది. అందులో ఫ్లూటు పాడడమే కాదు, దగ్గుతుంది, నిట్టూరుస్తుంది, మీటలు టకటకలాడతాయి, ఊపిరి ఊపిరిలాగే వినిపిస్తుంది. ఇరవై ఏళ్ళలో అలాంటివి అరవై ఒకటి ఆమె చేతుల మీదుగా పుట్టాయి. పుట్టిన రోజే చాలావాటికి ఆఖరి రోజు. ఓ నలభై మంది వింటారు, చప్పట్లు కొడతారు, కాగితాలు బీరువాలోకి వెళ్తాయి. రెండోసారి వాయించినవి రెండే రెండు. వాటిలో ఒకటి, రాసినాయన తల్లి మొదటిరోజు బస్సు తప్పిపోయి రాలేకపోయిందని వాయించింది.

ఇప్పుడు ఈ అరవై రెండోది ఆమె కోసమే రాసింది. దీన్ని రాసినాయన ఎప్పుడు చూసినా గళ్ళ చొక్కాలోనే ఉంటాడు. ఇంట్లో అందరికీ ఆయన గళ్ళ చొక్కానే. ఏడాది కిందట ఈ వెనక గదిలోనే కూర్చుని ఆమె సాధన వింటుండగా, చిట్లిన ఆ మెత్త పుణ్యమా అని ఒకే ఊపిరికి రెండు స్వరాలు వచ్చాయి. కింద ముదురుగా ఒకటి, దాని మీద వెంట్రుకంత సన్నగా ఇంకొకటి. మీటని గట్టిగా నొక్కితే రెండోది పోతుంది, కాస్త వదిలితే వస్తుంది. గళ్ళ చొక్కా ఎగిరి గంతేశాడు. చివరి మూడు నిమిషాలూ ఆ స్వరం చుట్టూనే అల్లాడు. కచేరీ పెట్టేవాళ్ళు మాత్రం పేరున్న కళాకారిణి చేత వాయిద్దామన్నారు. రికార్డింగు కూడా ఆవిడకే అన్నారు. ఆ పేరున్నావిడ మూడు ఫ్లూటులు మార్చి వారం రోజులు తంటాలు పడినా రెండో స్వరం రాలేదు. అలా ఈ కచేరీ కోడలి దగ్గర మిగిలింది. తన పేరును చూసి కాదు, తన ఫ్లూటుకున్న చిల్లును చూసి. అది తలుచుకుంటే ఆమెకి చిన్నతనంగానే ఉండేది, కానీ వదులుకోబుద్ధి కాలేదు.

ఇప్పుడు ఆ చిల్లూ పోయింది.

పోస్టాఫీసు నుంచి వచ్చిన భర్త సంగతంతా విని, బూట్లు విప్పుతున్నవాడు విప్పుతున్నట్టే ఆగిపోయాడు. "నాన్నకి చెప్పెయ్. పాత మెత్త మళ్ళీ పెట్టేస్తాడు."

"చెప్పను. రెండేళ్ళ తర్వాత చేసిన మొదటి పని అది. దాంతో నా కొంప మునిగిందని ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావు?"

"మరి శుక్రవారం ఏం చేస్తావు?"

"ఏదో ఒకటి చేస్తాను" అంది. ఏం చేస్తుందో ఆమెకీ తెలియదు.

మంగళవారం పొద్దున మామగారు నడకకి బయల్దేరగానే కోడలు ముందు గదిలోకి దూరింది. బల్ల కింద చెత్త డబ్బాని నేల మీద బోర్లించి, తీగ ముక్కలూ మసిగుడ్డలూ ఏరుతూ, పాత మెత్తల్ని ఒక్కొక్కటే పక్కన పెడుతోంది. చిట్లినది ఇంకా దొరకలేదు. ఇంతలో తలుపు తెరుచుకుంది. ఎండకి పెట్టుకోమని డాక్టరిచ్చిన నల్ల కళ్ళద్దాలు మర్చిపోయి మామగారు వెనక్కి వచ్చారు.

"ఏం వెతుకుతున్నావమ్మాయ్?"

"చెవిపోగు" అంది కోడలు, నోటికొచ్చింది అనేసి.

"అయ్యో, బంగారం కదా. ఉండుండు, నువ్వు లే, నాకిప్పుడు బాగా కనిపిస్తుంది." ఆయన మోకాళ్ళ మీద కూలబడిపోయారు. బల్ల కింద, కుర్చీ కింద, పనిముట్ల పెట్టె వెనకా చేత్తో నేలంతా తడిమారు. మూలనున్న దుమ్మునంతా అరచేత్తో దగ్గరికి తీసి వేళ్ళతో జల్లించారు. కోడలు ఆ వంగిన వీపు చూడలేకపోయింది. వద్దు లెండి మామయ్యా అనబోయింది. అప్పుడే ఆయన తలెత్తి ఆమె వైపు చూశారు.

"రెండు చెవులకీ ఉన్నాయి కదమ్మా" అన్నారు.

ఇక దాచి లాభం లేకపోయింది. కోడలు కూడా నేల మీదే కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. అంతా విన్నాక మామగారు దుమ్ము చేతుల్ని లుంగీకి తుడుచుకున్నారు.

"అయితే, నేను బాగుచేసింది నీకు పాడయిందన్నమాట."

"అలా అనకండి మామయ్యా. తప్పు నాది. ముందే చెప్పాల్సింది."

"ఎందుకు చెప్పలేదు?"

"మీరు నవ్వుతారని."

అది ఆయనకి నిజంగా తగిలింది. ఎందుకంటే నవ్వేవారు. "పక్కింటివాళ్ళు అడుగుతున్నారమ్మాయ్, కోడలికి ఉబ్బసమా అని" అనేవారు భోజనాల దగ్గర. ఆమె కూడా నవ్వేది. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ నొప్పించాలని ఏదీ అనరు. కాకపోతే ఈ పదిహేనేళ్ళలో ఆయన ఆమె కచేరీకి ఒక్కసారీ వెళ్ళలేదు, రమ్మని ఆమె గట్టిగా పిలవనూ లేదు.

నడక సంగతి మర్చిపోయి ఆయన బల్ల ముందు కూర్చున్నారు. చిట్లిన మెత్త దొరికింది. స్పిరిటు దీపం వెలిగించి, మీటని వెచ్చజేసి, కొత్త మెత్త ఊడదీసి పాతది అతికించారు. కోడలు ఊదితే ఉస్సుమని ఉత్త గాలి వచ్చింది. ఒకసారి పీకిన మెత్త మళ్ళీ తన చోట తాను కూర్చోదని ఆయనకి తెలుసు, అయినా ప్రయత్నించారు. తర్వాత కొత్త మెత్తకే అంచున చిన్న గాటు పెట్టడానికి బ్లేడు తీశారు. బ్లేడు పట్టుకున్న చెయ్యి మెత్త దాకా వెళ్ళి ఆగిపోయింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ ఆగింది.

"తెలిసి తెలిసి పాడుచెయ్యడం నాకు చేతకావడం లేదమ్మాయ్" అన్నారు. అని, కళ్ళు మూసుకుని గాటు పెట్టారు. అదీ కుదరలేదు. రెండో స్వరం రాలేదు సరికదా మొదటిదీ బొంగురుపోయింది. మూడు మెత్తలు పాడయ్యాక బ్లేడు పక్కన పడేశారు.

అప్పుడు మామగారు, "అసలా చప్పుడేదో నాకు వినిపించు" అన్నారు.

ఫోనులో పోయిన నెల సాధన చేసినప్పుడు ఎక్కించుకున్నది ఉంది. కోడలు దాన్ని బల్ల మీద పెట్టింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి విన్నారు. అయిపోయాక ఇంకోసారి పెట్టమన్నారు. మూడోసారి పెట్టించుకుని, మధ్యలో వేలెత్తి ఆపమన్నారు. కోడలికి నలభై మంది ముందు వాయించడం కంటే ఈ ఒక్కాయన వినడం కష్టంగా ఉంది.

"ఇది మెత్త చేసిన పని కాదు" అన్నారు మామగారు.

"మరి?"

"చిల్లు ఎప్పుడూ ఒకేలా కారుతుంది. దానికి తెలివుండదు. ఇక్కడ చూడు, నువ్వు రెండో దాన్ని పిలుస్తున్నావు, ఆపుతున్నావు, మళ్ళీ పిలుస్తున్నావు. చిల్లు దారి చూపించిందంతే. సగం పని నీ వేలే చేసింది. ఏడాదిగా చేస్తూనే ఉంది, నువ్వు గమనించుకోలేదు."

"మిగతా సగం?"

మామగారు సొరుగు లాగి సిగరెట్ కాగితాల కట్ట తీశారు. ఆయన నలభై ఏళ్ళుగా ఆ కాగితాలు కొంటున్నారు, ఒక్క సిగరెట్టూ కాల్చలేదు. కొట్టువాడు ఇప్పటికీ నమ్మడు. వాయిద్యాలు బాగుచేసేవాళ్ళందరూ చేసే పరీక్షే అది. మీట కింద కాగితం ముక్క పెట్టి, మీట మూసి, మెల్లగా లాగుతారు. కాగితం బిగిసిపోతే మెత్త సరిగ్గా కూర్చున్నట్టు. జారి వచ్చేస్తే గాలి పోతున్నట్టు. ఆయన ఫ్లూటుకి మళ్ళీ మంచి మెత్త వేసి, ఉంగరపు వేలి మీట కింద కాగితం పెట్టారు.

"వేలు పెట్టు. పూర్తిగా మూయకు. కాగితం నేను లాగితే రావాలి, కానీ ఏడుస్తూ రావాలి. అంతే ఎడం. ఆ పాత మెత్త కారింది సరిగ్గా అంతే. అది నా వేళ్ళకి గుర్తుంది, నిన్ననే కదా తీశాను."

కోడలు వేలు పెట్టింది. మామగారు లాగారు.

"బిగిసింది."

మళ్ళీ పెట్టింది.

"వదులు."

మళ్ళీ.

"బిగిసింది. ఊపిరి బిగబట్టకు. వేలికి ఊపిరితో పనిలేదు."

మంగళవారం మిగిలిన పొద్దంతా అలాగే గడిచింది. బుధవారం కూడా అంతే. ఫ్లూటు నిశ్శబ్దంగా ఒళ్ళో ఉంది, ఒక వేలూ ఒక కాగితమూ, బిగిసింది, వదులు, బిగిసింది. భోజనం భర్త వండాడు, ఇద్దరూ ఏం తిన్నారో వాళ్ళకే తెలియదు. మధ్యాహ్నం గళ్ళ చొక్కా ఫోను చేసి, "ఆఖరి భాగం ఎలా ఉంది?" అన్నాడు. "ఉంది" అంది కోడలు. ఆ మాట విని మామగారు ఆమెకేసి కళ్ళెగరేశారు. సాయంత్రానికి వేలు కొయ్యబారి మంచినీళ్ళ గ్లాసు కూడా పట్టుకోలేకపోయింది. మామగారు వేడినీళ్ళ గిన్నె తెచ్చి ఆమె చెయ్యి అందులో ముంచి, పక్కనే కూర్చున్నారు.

"చాలు తల్లీ, వదిలేద్దాం. నేను వెళ్ళి ఆ గళ్ళ చొక్కాతో మాట్లాడతాను. తప్పు నాదని చెప్తాను" అన్నారు.

"మీరు లాగండి మామయ్యా. రేపు ఒక్కరోజు."

గురువారం కాగితం తీసేసి ఊదడం మొదలుపెట్టారు. మొదట ఒక్క స్వరమే. తర్వాత ఉత్త గాలి. పదకొండు గంటలప్పుడు, ఎందుకో ఆమె మనసు వంటింట్లో కాగుతున్న పాల మీదికి పోయిన క్షణంలో, రెండోది వచ్చింది. రెప్పపాటు నిలిచి పోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాలు పొంగిపోయాయి, ఎవరూ లేవలేదు. సాయంత్రానికి పదిసార్లు ఊదితే ఏడుసార్లు వచ్చేది. మూడుసార్లు రాకపోయేది.

శుక్రవారం మధ్యాహ్నం హాలులో కోడలు ఉన్నదున్నట్టు గళ్ళ చొక్కాకి చెప్పేసింది. ఆయన మొహంలో రక్తపు చుక్క లేదు.

"మీరు మొదటి రెండు భాగాలే వాయించి ఆపేస్తే? చివరిది ఇంకా రాస్తున్నానని చెప్తాను. పేరున్నావిడ కూడా వస్తోంది ఈ రోజు. అందరి ముందూ..."

"ఆపను" అంది కోడలు. అంత గట్టిగా ఎవరికీ ఏదీ చెప్పిన అలవాటు ఆమెకి లేదు.

సాయంత్రం అరవై మంది దాకా వచ్చారు. మూడో వరసలో భర్త పక్కన మామగారు ఇస్త్రీ చొక్కాలో నిటారుగా కూర్చున్నారు. మొదటి రెండు భాగాలూ బాగానే సాగాయి. మూడో భాగంలో రెండు స్వరాలూ కలిసి రావలసిన చోట్లు పదకొండు. మొదటి దానికి వేలు పెట్టేముందు ఆమెకి మామగారి చెయ్యి కనిపించింది. ఒళ్ళో బొటనవేలూ చూపుడువేలూ కలిపి, లేని కాగితాన్ని పట్టుకుని, మెల్లగా లాగుతున్నారు. ఆమె కూడా ఆ కాగితాన్నే తలుచుకుని ఊదింది. వచ్చింది. రెండో చోటా వచ్చింది. అయిదో చోట కాస్త ఆలస్యంగా, బెరుగ్గా వచ్చింది. పదకొండో చోట వేలిని ఇంకో పిసరు ఎత్తింది. అది ఆమె అనుకుని చేసింది కాదు. కింది స్వరం కరిగిపోయి పైనున్న సన్నటి స్వరం ఒక్కటే హాలులో మిగిలింది. చిట్లిన మెత్తతో ఏడాదిలో ఒక్కసారీ అలా జరగలేదు. ఊపిరి అయిపోయేదాకా ఆమె దాన్ని వదల్లేదు.

చప్పట్లు అయ్యాక వేదిక వెనక చిన్న గదిలోకి గళ్ళ చొక్కా పరిగెత్తుకొచ్చాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. ముందు నమస్కారం పెట్టాడు, తర్వాత తలుపు దగ్గరికి వేసి గొంతు తగ్గించాడు.

"నా మాట వినండి. వేలితో చేశానని ఎవరికీ చెప్పకండి. మీ ఫ్లూటులోనే ఏదో ఉందని అందరూ అనుకోనివ్వండి. చెప్పనంత కాలం దీన్ని వాయించేది మీరొక్కరే. రికార్డింగు మీదే. ఎక్కడ వాయించాలన్నా మిమ్మల్నే పిలవాలి. ఇన్నేళ్ళకి మీకు న్యాయం జరుగుతుంది."

ఆయన అన్నది అబద్ధం కాదు. కోడలికి ఆ మాట తియ్యగా ఉంది కూడా. జవాబు చెప్పేలోగా తలుపు తట్టి పేరున్నావిడ లోపలికి వచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. దగ్గరగా చూస్తే గోళ్ళు కొరుక్కున్న చేతులు.

"అక్కా, మీ ఫ్లూటు ఒక్కసారి ఇస్తారా?" అంది.

కోడలు ఇచ్చింది. ఆ అమ్మాయి వేళ్ళు పెట్టి ఊదింది. నిండుగా ఒక్క స్వరం వచ్చింది. మళ్ళీ ఊదింది. ఫ్లూటుని తిప్పి తిప్పి చూసింది.

"ఇందులోనూ లేదే" అంది. ఆమె మొహంలో అసూయ లేదు, పిచ్చిపట్టినంత కుతూహలం ఉంది. "వారం రోజులు ఇది రాక నిద్రపోలేదక్కా నేను. ఇంక వాయించలేనేమో అనుకున్నాను. ఎక్కడుంది ఇది?"

గళ్ళ చొక్కా కోడలికేసి చూస్తూ తల అడ్డంగా ఊపాడు. గుమ్మంలో మామగారు వచ్చి నిలబడ్డారు. ఆయన అవునని గానీ కాదని గానీ ఏమీ సైగ చెయ్యలేదు. కోడలు ఒక్క క్షణం ఆలోచించింది. చెప్పకపోతే ఇది తనది. తన వేలు పనిచేసినన్నాళ్ళు తనది, ఆ తర్వాత బీరువాది. ఇరవై ఏళ్ళుగా బీరువాలోకే కదా మోస్తోంది.

"నా వేలిలో ఉంది" అంది. "మీ వేలిలోనూ ఉంటుంది. మంగళవారం మా ఇంటికి రండి. మా మామగారు నేర్పిస్తారు."

గళ్ళ చొక్కా కుర్చీలో కూలబడ్డాడు. మామగారు గొంతు సవరించుకుని, "పొద్దున్నే రామ్మా. మధ్యాహ్నం నాకు కళ్ళల్లో చుక్కలు వేసుకోవాలి" అన్నారు.

ఆ అమ్మాయి మంగళవారం తొమ్మిది కాకముందే వచ్చేసింది. కోడలు వెనక గదిలో ఉతికిన బట్టలు మడతపెడుతూ కూర్చుంది. ముందు గది నుంచి మామగారి గొంతు వినిపిస్తూనే ఉంది. బిగిసింది. వదులు. బిగిసింది. ఊపిరి బిగబట్టకమ్మా. బుధవారమూ అదే పాట. గురువారం మధ్యాహ్నం దుప్పట్లు మడతపెడుతుండగా అవతలి నుంచి రెండు స్వరాలూ కలిసి వచ్చాయి. కింద ముదురుగా ఒకటి, మీద సన్నగా ఇంకొకటి. వచ్చి, నిలిచాయి.

కోడలికి ఒళ్ళు మండింది. దాచడమెందుకు, నిజంగానే మండింది. మూడు రోజులు వేలు కొయ్యబారేలా సాధన చేసినా తనకి మొదట రెప్పపాటే నిలిచింది, ఈ పిల్లకి మొదటిసారే వచ్చి నిలిచింది. చేతిలో దుప్పటి అలాగే పట్టుకుని నిలబడింది. అవతల ఆ అమ్మాయి మళ్ళీ ఊదింది. ఆమెది వేరే రకంగా ఉంది. పై స్వరం ఇంకాస్త చల్లగా, తొందరలేకుండా ఉంది. ఇది ఇలా కూడా ఉండొచ్చని కోడలికి ఇప్పటిదాకా తట్టలేదు.

దుప్పటి కుర్చీ మీద పడేసి ముందు గదిలోకి నడిచింది. మామగారు ఆమె మొహం చూసి కంగారు పడ్డారు. "నీలా రాలేదులే అమ్మాయ్" అన్నారు గబగబా. "ఇంకా చాలా చెయ్యాలి."

"బాగా వచ్చింది మామయ్యా" అంది కోడలు.

ఆ అమ్మాయి ఫ్లూటు ఒళ్ళోకి దించింది. "కోపం రాలేదు కదక్కా? వచ్చే నెల వేరే ఊళ్ళో కచేరీ ఉంది. ఇదే వాయిద్దామనుకుంటున్నాను. మీరు సరేనంటేనే."

"వచ్చింది కోపం. పోయింది" అంది కోడలు. గోడ పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. "మొదటి నుంచి వాయించండి. మూడు భాగాలూ. వేరేవాళ్ళు వాయిస్తే ఎలా ఉంటుందో నేనెప్పుడూ వినలేదు."

మామగారు చప్పుడు చేస్తోందని ఫ్యాను ఆపేశారు. ఆ అమ్మాయి ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టింది. కోడలు తన కోసం రాసిన సంగీతాన్ని, ఊదే పనీ వేళ్ళ పనీ ఏమీ లేకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా విన్నది.